గేమ్‌లో అణు రాకెట్: లెక్క నిజమే, ట్యాంకు మాత్రం కాదు

సొంతంగా రాకెట్ నిర్మించి గ్రహాల మధ్య నడిపించే కంప్యూటర్ గేమ్ 'కెర్బల్ స్పేస్ ప్రోగ్రామ్'. 2011లో తొలిసారి విడుదలైన ఈ గేమ్‌లో 'నెర్వ్' అనే అణు ఇంజిన్ ఉంది. ఇది వాస్తవానికి ఎంత దగ్గర?

అణు ఉష్ణ ఇంజిన్‌లో ఇంధనం మండదు. రియాక్టర్ గుండా పంపిన హైడ్రోజన్ సుమారు 2,500 కెల్విన్‌ల వరకు వేడెక్కి నాజిల్ నుంచి దూసుకుపోతుంది. విచిత్రమేమిటంటే, రసాయన ఇంజిన్‌లోని మంట ఇంతకంటే వేడిగా ఉంటుంది. కానీ హైడ్రోజన్, ఆక్సిజన్ మండితే వెలువడేది ప్రధానంగా నీటి ఆవిరి. దాని అణువు హైడ్రోజన్ అణువు కంటే 9 రెట్లు బరువు. తేలికైన అణువులు ఎక్కువ వేగం అందుకుంటాయి కాబట్టి అణు ఇంజిన్‌దే పైచేయి.

ఈ సామర్థ్యాన్ని సెకన్లలో చెబుతారు. మేలైన రసాయన ఇంజిన్‌కు అది శూన్యంలో సుమారు 450 సెకన్లు, నెర్వ్‌కు 800. మొత్తం బరువులో సగం ఇంధనమే ఉన్న రాకెట్ మొదటిదానితో సెకనుకు దాదాపు 3 కిలోమీటర్ల అదనపు వేగం పొందితే, రెండోదానితో 5.4 కిలోమీటర్లు పొందుతుంది. ఈ లెక్కలో గేమ్ నిజాయితీగానే ఉంది. 3 టన్నుల నెర్వ్ ఇచ్చే థ్రస్ట్ 60 కిలోన్యూటన్లే. నేల నుంచి లేవడానికి అది పనికిరాదని ఆటగాడికి త్వరగానే తెలిసివస్తుంది.

అమెరికా 1955లో మొదలుపెట్టిన ఇలాంటి ప్రయోగాలు నెవాడా ఎడారిలో సాగాయి. 1968లో 'ఫీబస్-2ఏ' రియాక్టర్ 4,000 మెగావాట్లు దాటింది. 1973లో కార్యక్రమాన్ని నిలిపివేశారు.

అసలు తేడా ట్యాంకు దగ్గర వస్తుంది. నెర్వ్ హైడ్రోజన్‌తో కాక, గేమ్‌లోని మామూలు 'ద్రవ ఇంధనం'తో నడుస్తుంది. వాస్తవంలో 10 టన్నుల కిరోసిన్‌కు 12, 13 ఘనపు మీటర్ల చోటు చాలు. అంతే బరువున్న ద్రవ హైడ్రోజన్‌కు 140 కావాలి. అదీ మైనస్ 253 డిగ్రీల వద్ద ఉంచాలి, లేకుంటే ఆవిరైపోతుంది. తేలికైన ఇంధనపు సామర్థ్యాన్నీ, చిక్కని ఇంధనపు చిన్న ట్యాంకునూ గేమ్ ఒకేసారి చేతికిస్తోంది. ప్రకృతిలో అంత ఉదారత లేదు.

ఇంజిన్ ఆపడమూ గేమ్‌లో ఒక్క మీట నొక్కినంత తేలిక. నిజమైన రియాక్టర్‌లో విచ్ఛిత్తి ఆగాక కూడా వేడి పుడుతూనే ఉంటుంది. దాన్ని చల్లార్చడానికి మరికొంత హైడ్రోజన్ వదలాలి. వ్యోమగాములను రేడియేషన్ నుంచి కాపాడే కవచం బరువు కూడా మోయాలి.

ఆటగాళ్లు రూపొందించిన కొన్ని మోడ్‌లలో ద్రవ హైడ్రోజన్, దాని ఆవిరి నష్టం ఉన్నాయి. వాటిని అమర్చుకుంటే, అంతవరకు పొందికగా కనిపించిన నౌకలో ట్యాంకులే అధిక భాగాన్ని ఆక్రమిస్తాయి.