డైరెక్టర్ కావాలంటే... మొదటి సినిమా ఎలా పుడుతుంది?



ఆదివారం టీవీలో సినిమా వస్తే మనమంతా హీరో ఎంట్రీ కోసం ఎదురుచూసేవాళ్లం. పేర్లు పడేటప్పుడు ఎవరూ చదివేవాళ్లు కాదు. మా గదిలో ఒకడు మాత్రం ఆ పేర్లే చూసేవాడు. చివర 'దర్శకత్వం' అని పడ్డాక గానీ తల తిప్పేవాడు కాదు. డిగ్రీ రెండో సంవత్సరంలో ఎవరికీ చెప్పకుండా హైదరాబాదు కృష్ణానగర్ వెళ్లిపోయాడు. అసిస్టెంట్ డైరెక్టర్‌గా పెట్టిస్తానన్న ఒకాయన చేతిలో, వాళ్లమ్మ డ్వాక్రా గ్రూపులో తీసుకున్న అప్పు పోశాడు. ఆయన మళ్లీ కనిపించలేదు. వాడు తిరిగొచ్చేసరికి పరీక్షలు అయిపోయాయి.

వాడికి తెలివి లేక అలా జరగలేదు. దారి చెప్పేవాళ్లు మనలో ఎవరూ లేక జరిగింది. మా ఇళ్లలో డిగ్రీ చదివిన మొదటి తరం మేమే. కాలేజీ దరఖాస్తు నింపడమే నలుగురిని అడిగి నేర్చుకున్నాం. ఇక సినిమా గురించి ఎవరిని అడుగుతాం? అందుకే మేము చదివి, విని తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాం.

లోపలికి వెళ్లే దారులు

మొదటిది అసిస్టెంట్‌గా చేరడం. కొత్తగా చేరినవాళ్లు క్లాప్ కొడతారు. ఏ షాట్‌లో నటుడు ఏ చొక్కా వేసుకున్నాడో, గ్లాసు ఏ చేతిలో ఉందో రాసుకుంటారు. దీన్నే కంటిన్యుటీ అంటారు. తర్వాత అసోసియేట్, ఆపైన కో-డైరెక్టర్. రాంగోపాల్ వర్మ విజయవాడలో సివిల్ ఇంజనీరింగ్ చదివి, హైదరాబాదులో వీడియో క్యాసెట్ల షాపు నడిపి, డైరెక్షన్ డిపార్ట్‌మెంటులో కొంతకాలం పనిచేశాక 1989లో 'శివ' తీశారు. రాజమౌళి ఎడిటింగ్ దగ్గర పని నేర్చుకుని, కె. రాఘవేంద్రరావు గారి వద్ద చేరి, టీవీ సీరియల్ తీసిన తర్వాతే 2001లో 'స్టూడెంట్ నెం.1' తీశారు.

రెండోది చదువు. పుణెలో 1960లో మొదలైన ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్, కలకత్తాలో సత్యజిత్ రే పేరుతో 1995లో పెట్టిన ఇన్‌స్టిట్యూట్ కేంద్ర ప్రభుత్వానివి. వాటికి ప్రవేశ పరీక్ష ఉంటుంది. డిగ్రీ పూర్తయినవాళ్లు డైరెక్షన్ కోర్సుకు రాయవచ్చు. ఈ ఒక్క మాట మా గదిలోవాడికి ఆనాడే తెలిసి ఉంటే డిగ్రీ వదిలేవాడు కాదు.

మూడోది సొంతంగా తీయడం. సత్యజిత్ రే కలకత్తాలో ఒక ప్రకటనల కంపెనీలో ఉద్యోగం చేస్తూ 1952లో 'పథేర్ పాంచాలి' మొదలుపెట్టారు. నిర్మాతలు దొరకలేదు. ఇన్సూరెన్స్ పాలసీ మీద అప్పు తెచ్చారు. భార్య నగలు తాకట్టు పెట్టారు. డబ్బు అయిపోతే షూటింగ్ ఆపేవారు. చివరికి బెంగాల్ ప్రభుత్వం సాయం చేస్తే 1955లో విడుదలైంది. నగేష్ కుకునూర్ అమెరికాలో ఇంజనీరుగా సంపాదించిన డబ్బుతో 1998లో 'హైదరాబాద్ బ్లూస్' తీశారు.

నాలుగోది షార్ట్ ఫిల్మ్. తరుణ్ భాస్కర్ ముందు షార్ట్ ఫిల్ములు తీసి, 2016లో 'పెళ్లి చూపులు'తో వచ్చి జాతీయ అవార్డు పొందారు.

కథ నుండి తెర దాకా

మొదట కథ. దాన్ని సీన్లుగా విడగొట్టి, మాటలతో సహా రాసుకుంటే బౌండ్ స్క్రిప్ట్. దాన్ని రచయితల సంఘంలో రిజిస్టరు చేయించుకోవాలి. అప్పుడు కథ మనదేనని చెప్పడానికి ఆధారం ఉంటుంది. తర్వాత నిర్మాతకు కథ చెప్పాలి. రెండు గంటల కథను ఎదుటివాడు ఫోను చూడకుండా వినేలా చెప్పడం పెద్ద విద్య. మన స్టడీ అవర్ తర్వాత దయ్యం కథలు చెప్పినవాళ్లకు అది కొంత వచ్చినట్టే!

నిర్మాత ఒప్పుకుంటే బడ్జెట్, నటీనటులు, లొకేషన్లు, షెడ్యూలు. కొత్త దర్శకుడు ఎక్కువగా తప్పేది ఇక్కడే. షూటింగు ఒక్క రోజు పెరిగినా కెమెరా అద్దె, అందరి బత్తాలు, భోజనాలు పెరుగుతాయి. షూటింగు అయ్యాక ఎడిటింగ్, డబ్బింగ్, రీరికార్డింగ్. ఆ తర్వాత సెన్సార్ సర్టిఫికెట్. అది లేనిదే థియేటర్లో వేయకూడదు. చివరిది విడుదల. తీసిన సినిమాలన్నీ విడుదల కావు. సినిమా పూర్తయ్యాక కూడా కొనేవాళ్లు దొరకాలి.

ఎవరూ చెప్పని సగం

ఇంటర్వ్యూల్లో కష్టపడ్డామని అందరూ చెబుతారు. అది అబద్ధం కాదు. కానీ అసిస్టెంటుగా మొదటి రోజుల్లో జీతం చాలా తక్కువ, ఒక్కోసారి అసలే ఉండదు. ఆ రోజుల్లో అద్దె ఎవరు కడతారు? వర్మ తండ్రి అన్నపూర్ణ స్టూడియోలో సౌండ్ ఇంజనీరు. రాజమౌళి తండ్రి విజయేంద్రప్రసాద్ గారు పేరున్న రచయిత. కుకునూర్‌కు అమెరికా ఉద్యోగం ఉంది. వాళ్ల ప్రతిభను తక్కువ చేయడానికి ఇది చెప్పడం లేదు. వాళ్ల కాళ్ల కింద ఉన్న నేల మన కాళ్ల కింద లేదని చెప్పడానికే.

మరి మనలాంటివాళ్లు లేరా? ఉన్నారు. నాగరాజ్ మంజులే మహారాష్ట్ర షోలాపూర్ జిల్లాలోని జేవూర్ అనే ఊళ్లో వడ్డెర కులంలో పుట్టారు. పుణెలో మరాఠీ ఎం.ఏ. చదివారు. తర్వాత అప్పటి అహ్మద్‌నగర్‌లో కమ్యూనికేషన్ కోర్సు చేస్తూ, బడికి వెళ్లాలని ఆశపడే పిల్లవాడి మీద 'పిస్తుల్యా' అనే చిన్న సినిమా తీశారు. దానికి జాతీయ అవార్డు వచ్చింది. 2013లో తీసిన మొదటి పెద్ద సినిమా 'ఫాండ్రీ'. ఊళ్లో పందులు పట్టే కుటుంబంలోని పిల్లవాడి కథ. తొలి చిత్ర దర్శకుడికిచ్చే ఇందిరాగాంధీ అవార్డు దానికి దక్కింది.

తమిళంలో పా. రంజిత్ ఆర్ట్స్ కాలేజీలో బొమ్మలు వేయడం నేర్చుకుని, అసిస్టెంటుగా పనిచేసి, 2012లో 'అట్టకత్తి' తీశారు. పేరు వచ్చాక ఆయనే నిర్మాతగా మారి, మారి సెల్వరాజ్ మొదటి సినిమా 'పరియేరుం పెరుమాళ్'ను 2018లో నిలబెట్టారు. ముందు వెళ్లినవాడు తలుపు మూయకుండా పట్టుకుని నిలబడటం అంటే ఇదే. ఈ పని మన పూర్వ విద్యార్థులు కూడా ఏ రంగంలో ఉన్నా చేయవచ్చు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ

మంజులే చదువు వదిలి సినిమాకు రాలేదు, చదువులోంచి వచ్చారు. మనకు స్టూడియోలో తండ్రి లేడు. మన డిగ్రీయే మనకు ఆసరా. అందుకే మా మాటలు నాలుగే. డిగ్రీ పూర్తి చేయండి. పని ఇప్పిస్తామని డబ్బు అడిగేవాడికి ఒక్క రూపాయి ఇవ్వకండి. నచ్చిన సినిమాను రెండోసారి శబ్దం ఆపి చూడండి, షాట్లు ఎక్కడ మారుతున్నాయో తెలుస్తుంది. సెలవుల్లో అయిదు నిమిషాల సినిమా ఫోనుతోనే తీయండి. కథకు ఎక్కడికీ వెళ్లనక్కరలేదు. మన మెస్సులో చారు బకెట్టు చుట్టూ జరిగేది చాలు.

మా గదిలోవాడి సంగతి చెప్పలేదు కదూ. మిగిలిన పేపర్లు సప్లిమెంటరీలో రాసి డిగ్రీ పాసయ్యాడు. చిన్న ఉద్యోగం చేస్తూ వాళ్లమ్మ అప్పు తీర్చాడు. ఇప్పుడు ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ పరీక్షకు చదువుతున్నాడు. ఈ వార్షికోత్సవం వీడియో తీస్తున్నది వాడే. కెమెరా పట్టుకుని మీ మధ్య తిరుగుతుంటాడు, దారి గురించి ఏం కావాలన్నా అడగండి. చెప్పడానికి ఇప్పుడు మనలో ఒకడున్నాడు.