పూతరేకులాంటి మందు

ఆత్రేయపురం పూతరేకు తిన్నారా? బోర్లించిన వేడి కుండ మీద, పలచని బియ్యప్పిండి జావలో ముంచిన గుడ్డను ఒక్కసారి పరిచి తీస్తారు. కాగితంలాంటి రేకు లేస్తుంది. నాలుక మీద పెట్టగానే కరిగిపోతుంది. అదే పిండిని ఉండగా చేస్తే అలా కరుగుతుందా? కరగదు. ఎందుకని?

చిన్న లెక్క చేద్దాం. 3 సెంటీమీటర్ల పొడవు, 2 సెంటీమీటర్ల వెడల్పు, 0.1 మిల్లీమీటరు మందం గల పొరను తీసుకోండి. దాని ఘనపరిమాణం 0.06 ఘన సెంటీమీటర్లు. అంతే పదార్థంతో ఘనాకారపు బిళ్ళ చేస్తే, దాని ఉపరితల వైశాల్యం 1 చదరపు సెంటీమీటరు కూడా ఉండదు. పొరకైతే రెండు వైపులా కలిపి 12! లాలాజలం తాకే చోటు అన్ని రెట్లు పెరిగిందన్నమాట.

నోట్లో కరిగే మందుపొరల రహస్యం ఇదే. వీటికి మంచినీళ్ళు అక్కరలేదు. బిళ్ళ మింగలేని ముసలివారికి, వాంతులతో బాధపడే రోగులకు ఇదెంత సాయమో ఆలోచించండి. వాంతులను అరికట్టే ఒండాన్‌సెట్రాన్ మందుపొరకు అమెరికాలో 2010లో అనుమతి లభించింది.

మరి మూలికల సారాన్ని ఇలా ఇవ్వవచ్చా? ఆకులను నీటిలోగాని, ఆల్కహాలులోగాని నానబెట్టి, వడగట్టి, చిక్కబరుస్తారు. ఆ సారాన్ని నీటిలో కరిగే జిగురు పదార్థంతో కలుపుతారు. పొర విరగకుండా కాస్త గ్లిజరిన్ చేరుస్తారు. పలచగా పరిచి, ఆరబెట్టి, ముక్కలు కోస్తారు. పుదీనాజాతి మొక్కలలోని మెంథాల్, వాములోని థైమాల్ కలిపిన నోటి పొరలు 2001లోనే అమెరికాలో అమ్మకానికి వచ్చాయి. అవి నోటి దుర్వాసన పోగొట్టడానికి మాత్రమే.

జబ్బు నయం చేసే మందు సంగతికి వస్తే చిక్కులున్నాయి. మొదటిది చోటు. మన పొర బరువు సుమారు 60 మిల్లీగ్రాములు. అందులో సగం మందు అనుకుంటే 30. ఒక పూటకు 3 గ్రాముల చూర్ణం కావాలంటే 100 పొరలు వేసుకోవాలి! కాబట్టి కొద్ది మోతాదులో పనిచేసే సారాలే ఇందుకు పనికివస్తాయి.

రెండోది రుచి. నేలవేము చేదు తెలుసుగా? బిళ్ళనైతే గుటుక్కున మింగేస్తాం. పొర నాలుక మీదే కరుగుతుంది!

మూడోది మోతాదు. నేలను బట్టి, రుతువును బట్టి ఆకులోని మందు పాలు మారుతుంది. దానిని కొలిచి, ప్రతి ముక్కలోనూ సమానంగా ఉండేలా చూడాలి.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఇంకొకటి. కరగడం వేరు, రక్తంలో చేరడం వేరు. గుండెనొప్పికి వాడే నైట్రోగ్లిజరిన్ నాలుక కింద ఉన్న పలచని పొర గుండా నేరుగా రక్తంలోకి పోతుంది. ముందుగా కాలేయం చేతికి చిక్కదు. అన్ని పదార్థాలూ అలా పోలేవు. పసుపులోని కర్‌క్యుమిన్ నీటిలో సరిగా కరగనే కరగదు. పొరలో పెట్టినా చాలావరకు లాలాజలంతోపాటు కడుపులోకే జారుతుంది.

అందుచేత "మూలికల పొర" అన్న పేరు చూసి మోసపోకండి. ఏ పదార్థం? ఎన్ని మిల్లీగ్రాములు? రోగులపై పరీక్షించి చూశారా? ఈ మూడు ప్రశ్నలూ అడగండి. వైద్యుని సలహా లేనిదే వాడకండి.

ఇంట్లో ఒక ప్రయోగం చేయండి. ఒకే బరువుగల రెండు పటికబెల్లం పలుకులు తీసుకోండి. ఒకదానిని మెత్తగా నూరండి. రెండు గ్లాసుల్లో సమానంగా నీళ్ళు పోసి, విడివిడిగా వేసి, ఒకేలా కలపండి. ఏది ముందు కరిగింది? ఎందుకో మీ మాటల్లో రాయండి.