గండి పూడ్చటానికా, సమ్మె విరవటానికా?

వరదొచ్చినప్పుడు పడవలేసుకొచ్చే సిపాయి కుర్రాళ్లకు మనం దండం పెడతాం. పెట్టాల్సిందే. అయితే ఆ దుస్తులు ఇంకెప్పుడు దిగుతాయో కూడా కూలిజనం తెలుసుకోవాలి.

టెరిటోరియల్ ఆర్మీ అని ఒకటుంది. 1948లో చట్టం చేశారు, 1949లో మొదలెట్టారు. అందులో ఎక్కువమంది పూర్తికాలపు సిపాయిలు కారు. ఎవరి ఉద్యోగం వాళ్లు చేసుకుంటూ, ఏటా కొన్నాళ్లు కవాతు నేర్చుకుని, పిలుపొస్తే వెళ్తారు. ప్రకృతి వైపరీత్యాల్లో ఆదుకోవటం ఆ దళాల పని. అత్యవసర సర్వీసులు ఆగకుండా చూడటమూ వాటి పనే. కిటుకంతా ఈ రెండో మాటలో ఉంది.

1974 మే 8న సుమారు 17 లక్షలమంది రైల్వే కార్మికులు సమ్మెకు దిగారు. ఎనిమిది గంటల పని, బోనసు అడిగారు. వరదా లేదు, తుపానూ లేదు. అయినా బండ్లు నడపటానికి ప్రభుత్వం టెరిటోరియల్ ఆర్మీని దించింది. ఆ రైల్వే దళాల్లో ఉన్నదెవరు? రైల్వే ఉద్యోగులే! ఒకసారి పిలిచాక సైనిక చట్టం వర్తిస్తుంది, రానంటే శిక్ష. అన్న సమ్మెను తమ్ముడిచేత విరగ్గొట్టించటమంటే ఇదే. వేలాదిమందిని జైళ్లలో కుక్కారు. మే 27న సమ్మె ముగిసింది.

తప్పు ఆ కుర్రాళ్లది కాదు, వాళ్లూ మన బిడ్డలే. గండి పూడ్చటానికి రమ్మందాం, అన్నం పెడదాం. కానీ ఆకలిగొన్నవాడు పని ఆపటం వైపరీత్యం కాదు. ఏది ఆపదో తేల్చే అధికారం పాలకులకే వదిలేస్తే, రేపు నాట్లలో కూలిరేటు అడిగినా అది 'అత్యవసరమే' అవుతుంది.