కత్తి పెడితే పాకుతుందా?

నోట్లో పుండు క్యాన్సరని తేలగానే మన ఊళ్లలో ముందు వినపడే మాట ఒకటుంది: కత్తి తగిలితే పాకిపోతుంది, ముట్టుకోనివ్వొద్దు. ఈ భయం ఊరికే పుట్టలేదు. ఆపరేషన్ అయిన ఆర్నెల్లకే మెడలో గడ్డ లేచి కన్నుమూసినవాళ్లను జనం చూశారు. చూసింది నిజమే, చెప్పుకున్న కారణమే తప్పు. కత్తి పెట్టకముందే క్యాన్సర్ మెడలోకి దిగి ఉంది. అప్పటికది కంటికి ఆనలేదు, చేతికి తగల్లేదు. కృత్తివెన్ను, నాగాయలంక లాంటి తీర మండలాల నుంచి పెద్దాసుపత్రికి వెళ్లడమే ఒక ప్రయాణం. అలాంటిచోట ఈ అపోహ తోడైతే నెలలు గడిచిపోతాయి. నోటి క్యాన్సర్‌కు చాలావరకు మొదటి చికిత్స శస్త్రచికిత్సే. అది చిన్నదవుతుందా పెద్దదవుతుందా అన్నది మనం ఎంత త్వరగా వెళ్లామన్న దాన్నిబట్టి ఉంటుంది.

ఈ జబ్బు గురించి ఆంధ్ర తీరం ప్రపంచానికి ఒక పాఠం నేర్పింది. ఉత్తరాంధ్ర పల్లెల్లో, ముఖ్యంగా ఆడవాళ్లు, చుట్టను నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాల్చే అలవాటును అడ్డపొగ అంటారు. 10,169 మంది గ్రామస్థుల అంగిళ్లను పరీక్షించి పిండ్‌బోర్గ్, మెహతా బృందం 1971లో దీనిపై అధ్యయనం ప్రచురించింది. మిగతా చోట్ల అరుదుగా కనిపించే అంగిలి క్యాన్సర్ అక్కడ రావడానికి కారణం స్పష్టమే: సెగా పొగా తగిలేది అంగిలికే. ఖైనీ, గుట్కా వాడేవారికి ముద్ద దాచుకునే చిగురు, చెంప సందులో మొదలవుతుంది. అంటే ఇది కడుపులో దాక్కునే జబ్బు కాదు, నోరు తెరిపించి టార్చిలైటు వేస్తే కనిపించేది. తెల్లమచ్చ, ఎర్రమచ్చ, మూడు వారాలైనా మానని పుండు, నోరు మునుపటిలా తెరుచుకోకపోవడం దీని గుర్తులు. వాటిని నోటిపూత అనుకుని బీకాంప్లెక్స్ మాత్రలతో నెట్టుకురావడమే అసలు ప్రమాదం.

పుండు వెడల్పుతో పాటు లోతునూ డాక్టర్లు లెక్కలోకి తీసుకుంటారు. 2018 నుంచి అమల్లో ఉన్న వర్గీకరణలో 5, 10 మిల్లీమీటర్ల లోతులు దశను మార్చే హద్దులు. సర్జన్ కణితి చుట్టూ, అడుగునా సుమారు ఒక సెంటీమీటరు మంచి కండను కలిపి తీస్తాడు. తర్వాత మెడలోని బిళ్లలు (లింఫు గ్రంథులు). అక్కడ ఏమీ తగలనప్పుడు కోయడమెందుకని ఇంటివాళ్లు అడగడం న్యాయమే. దీనికి జవాబు ముంబయి టాటా మెమోరియల్ ఆసుపత్రి నుంచి వచ్చింది. అనిల్ డిక్రూజ్ బృందం తొలిదశ రోగులను రెండు వర్గాలుగా చేసి, 500 మంది ఫలితాలను 2015లో ప్రచురించింది. మొదటి ఆపరేషన్‌లోనే మెడ బిళ్లలు తీసినవారిలో మూడేళ్లకు 80 శాతం మంది బతికున్నారు. గడ్డ కనిపించాక తీద్దామని ఆగినవారిలో 67.5 శాతమే. అంటే ఎనిమిది మందికి ముందే మెడ ఆపరేషన్ చేస్తే ఒక ప్రాణం అదనంగా నిలుస్తుంది. కత్తి వల్లే పాకేదైతే ఎక్కువ కోసినవారే ఎక్కువమంది పోవాలి. జరిగింది అందుకు పూర్తిగా వ్యతిరేకం. భుజం కొంత బిగుసుకోవడం దీనికి చెల్లించే మూల్యం. భుజాన్ని కదిలించే నరాన్ని కాపాడి, వ్యాయామం చేయిస్తే చాలావరకు సర్దుకుంటుంది.

ముఖం పోతుందన్నది రెండో భయం. దవడ ఎముక తీయాల్సి వస్తే, కాలి పిక్క పక్కనుండే సన్నటి ఎముకను రక్తనాళాలతో సహా తెస్తారు. ఒంటి బరువు మోసేది పక్కనున్న పెద్ద ఎముక కాబట్టి నడకకు పెద్దగా లోటు రాదు. తెచ్చిన ఎముకను ఒకటి రెండు చోట్ల కోసి దవడ వంపుకు తిప్పి, లోహపు పలకలతో, మరలతో బిగిస్తారు. దాని నాళాలను మెడ నాళాలకు, వెంట్రుకకన్నా సన్నని దారంతో, మైక్రోస్కోపు కింద కుడతారు. న్యూయార్క్ సర్జన్ డేవిడ్ హిడాల్గో 1989లో వివరించిన ఈ పద్ధతి నేడు మన నగరాల్లోనూ ఉంది. అంగిలి తీసేస్తే తాగిన నీళ్లు ముక్కులోంచి వస్తాయి. ఆ కన్నాన్ని మూసే కట్టుడుపళ్ల పలకతో మాటా తిండీ తిరిగి కుదురుతాయి. కానీ కణితి దవడ వెనకనుంచి పుర్రె అడుగుకు పాకినా, మెదడుకు వెళ్లే పెద్ద ధమనిని చుట్టేసినా, మొత్తం తీసేయడం చాలాసార్లు సర్జన్ చేతిలో ఉండదు. ముఖం మీద బెంగతో ఆపరేషన్ వాయిదా వేసినవారికే చివరికి ముఖం ఎక్కువగా దెబ్బతింటుంది.

కోయకుండా కరెంటు (రేడియేషన్) పెట్టించుకుంటే సరిపోదా అనేవారున్నారు. ముక్కు వెనక పుట్టే కొన్ని క్యాన్సర్లకు రేడియేషనే ముందు. నోటి క్యాన్సర్లో మాత్రం దాని చోటు ఎక్కువగా ఆపరేషన్ తర్వాతే. దవడకు ఎక్కువ మోతాదు పడితే ఎముక చచ్చుబడే ప్రమాదమూ ఉంది. ఖర్చుకు 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ, నేటి ఎన్టీఆర్ వైద్యసేవ ఉంది. ఇక మిగిలింది త్వరగా పసిగట్టడం. అదీ సాధ్యమేనని తిరువనంతపురం జిల్లాలో రుజువైంది: శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ వెళ్లి నోళ్లు చూసినచోట, పొగాకు, మద్యం వాడేవారిలో నోటి క్యాన్సర్ మరణాలు 34 శాతం తగ్గాయని 2005లో తేలింది. ఆ పని చెరువుగట్ల మీదా చేపల వేటగాళ్ల పేటల్లోనూ మన ఏఎన్ఎంలు, ఆశా కార్యకర్తలు చేయగలరు. ప్రతి మండలంలో పొగాకు వాడేవారి నోళ్లను ఏడాదికోసారైనా చూసే ఏర్పాటు కావాలి. అనుమానం తగిలిన వారంలోపే ముక్క తీసి పరీక్షకు పంపాలి.