పాస్‌వర్డ్ మారింది, కీ మారలేదు

పొన్నూరులో మా పొలం కాగితాల స్కాన్లన్నీ మ్యాక్‌లో ఒక ఎన్‌క్రిప్టెడ్ డిస్క్ ఇమేజ్‌లో పెట్టా. దాని పాస్‌వర్డ్ హాస్టల్లో ఒకడికి తెలిసిపోయింది. టెర్మినల్‌లో 'హెచ్‌డీఐయుటిల్ సీహెచ్‌పాస్' కొట్టా. పాతది అడిగింది, కొత్తది ఇచ్చా, క్షణంలో అయిపోయింది. ఇన్ని జీబీలు అంతలోనే మళ్లీ ఎన్‌క్రిప్ట్ అయ్యాయా?

కాలేదు. ఫైళ్లకి అసలు తాళం 128 లేదా 256 బిట్ల ఏఈఎస్ కీ. మన పాస్‌వర్డ్ ఆ కీ దాచిన చిన్న పెట్టెకి మాత్రమే తాళం. మారింది ఆ పెట్టె తాళమే. లినక్స్‌లో లక్స్ కూడా అంతే.

అంటే నా పెన్‌డ్రైవ్‌లోని పాత కాపీ ఇప్పటికీ పాత పాస్‌వర్డ్‌తోనే తెరుచుకుంటుంది! అందుకే కొత్త ఇమేజ్ చేసి, ఫైళ్లు అందులోకి మార్చి, పాత కాపీలన్నీ చెరిపేశా.

కొత్త పాస్‌వర్డ్ మర్చిపోతే మాత్రం ఎవరూ తెరవలేరు. కాగితం మీద రాసి అమ్మకిచ్చా. బీరువాలో చీరల కింద దాచింది.