కొంగ మామ, ఎండ్రకాయ: చేపలు ఎందుకు నమ్మాయి?

ఈ నెల గోడపత్రికకు కొంగ, ఎండ్రకాయ కథ గురించి రాస్తున్నాను. కథ మీకు తెలిసిందే. ముసలి కొంగ చెరువు గట్టున ఏడుపు ముఖం పెట్టుకొని నిలబడి, "వానలు పడవంట. చెరువు ఎండిపోతుంది. మిమ్మల్ని ఒక్కొక్కరిని ముక్కున కరుచుకుని పెద్ద చెరువులో వదిలిపెడతాను" అంటుంది. చేపలు "మామా, నన్ను ముందు తీసుకుపో, నన్ను ముందు" అని పోటీలు పడతాయి. కొంగ తీసుకుపోయి తినేస్తుంది. చివరికి ఎండ్రకాయ వంతు వస్తుంది, అది కొంగ మెడ కొరికేస్తుంది.

ఈ కథ రెండు పాత పుస్తకాల్లో ఉంది. ఒకటి విష్ణుశర్మ పేరున ఉన్న పంచతంత్రం, అందులో మిత్రభేదం భాగం. రెండోది బౌద్ధుల జాతక కథలు, అందులో 38వ కథ, పేరు బక జాతకం. బకం అంటే కొంగే. పంచతంత్రం 6వ శతాబ్దంలో పారశీక దేశం పోయింది. 8వ శతాబ్దంలో ఇబ్నుల్ ముకఫా అనే ఆయన దాన్ని అరబ్బీలో రాశాడు. ఆ పుస్తకం పేరు కలీలా, దిమ్నా. అవి మన కరటకుడు, దమనకుడు అనే రెండు నక్కల పేర్లే, అక్కడివాళ్ల నోట్లో అట్లా మారాయి. తెలుగులో పరవస్తు చిన్నయసూరి 1853లో నీతిచంద్రికలో మిత్రభేదం రాశారు. ఆ భాష చాలా కష్టం, తెలుగు సారు చదివి చెప్తేనే అర్థమవుతుంది.

ఇంకో తమాషా ఉంది. పంచతంత్రంలో ఈ కథ ఒక నక్క కాకులకు చెప్తుంది. కాకి పిల్లల్ని ఒక పాము తినేస్తూ ఉంటుంది. ఆ పాముని ఎట్లా చంపాలో నేర్పుతూ నక్క ఈ కొంగ కథ చెప్తుంది. ఆ కాకుల కథను మళ్లీ దమనకుడు కరటకుడికి చెప్తాడు. ఎప్పుడు చెప్తాడంటే, సింహానికీ ఎద్దుకీ స్నేహం చెడగొట్టాలని చూస్తున్నప్పుడు. అంటే మోసం గురించి మనకు చెప్పేవాడే పెద్ద మోసగాడు!

ఇప్పుడు అసలు సంగతి. కథ విన్నవాళ్లు "చేపలకు బుద్ధి లేదు" అని నవ్వుతారు. నేను ఒప్పుకోను. జాతక కథలో చేపలు మొదట నమ్మలేదు. "లోకం పుట్టినప్పటి నుంచి చేపల బాగు కోరిన కొంగ ఉందా?" అని మొహం మీదే అడిగాయి. అప్పుడు కొంగ, "నమ్మకపోతే మీలో ఒకరిని పంపండి, చెరువు చూపించి తీసుకొస్తాను" అంది. చేపలు ఒంటికన్ను పెద్ద చేపను పంపాయి. కొంగ దాన్ని నిజంగానే తీసుకుపోయి, తామరలున్న చెరువంతా తిప్పి, భద్రంగా తెచ్చి దింపింది. ఆ చేప వచ్చి "ఎంత నీళ్లు, ఎంత బాగుందో" అని చెప్పింది. అప్పుడు అందరూ నమ్మారు. ఆ తర్వాత కొంగ మొట్టమొదట తిన్నది ఆ ఒంటికన్ను చేపనే.

చూడండి, చెరువు ఎండటం నిజం. పెద్ద చెరువు ఉండటం కూడా నిజం. ఒక్క కొంగ మనసే అబద్ధం. ఎండాకాలం సెలవుల్లో మా వైపు ఊళ్లకు కూడా ఇట్లాంటి మామలు వస్తారు. "పట్నంలో ఇంటి పని, మూడు పూటలా అన్నం, నెలకు జీతం" అంటారు. మొదట ఒక పిల్ల పోతుంది, పండక్కి కొత్త బట్టలతో వస్తుంది. అందరూ ఆమె గాజులు చూస్తారు. మళ్లీసారి ముగ్గురు పోతారు. ఆ ముగ్గురి నుంచి ఉత్తరం ముక్క కూడా రాదు. వానలు లేక, ఇంట్లో గింజలు అయిపోయి వాళ్లమ్మానాన్నలు పంపారు, బుద్ధి లేక కాదు.

ఎండ్రకాయ మటుకు వేరే రకం. జాతక కథలో అది "నీ ముక్కుతో నన్ను గట్టిగా పట్టలేవు, జారిపోతాను. నేనే నీ మెడ పట్టుకుంటా" అంది. తనను మోసేవాడి మెడ తన డెక్కల్లో ఉండేటట్టు చూసుకుంది. పొలం గట్టు బొరియలో చెయ్యిపెట్టినవాళ్లకు ఆ డెక్క పట్టు ఎట్లాంటిదో తెలుసు. ఎండ్రకాయ కూడా చేపలాగా మొప్పలతోనే గాలి పీలుస్తుంది. ఆ మొప్పలు తడిగా ఉన్నంతసేపు గట్టు మీద కూడా బతుకుతుంది. అందుకే దారిలో చావలేదు.

నాకు ఒక అనుమానం. కొంగ చేపను తలవైపు నుంచి గుటుక్కున మింగేస్తుంది. మా వాగు దగ్గర ఎన్నిసార్లు చూశానో, కింద ఒక్క ముల్లు పడదు. మరి కథలో ముళ్ల కుప్ప ఎక్కడిది? ఎండ్రకాయ కళ్లకు సాక్ష్యం కావాలని కథ చెప్పినవాళ్లే పెట్టి ఉంటారు.

జాతకంలో కొంగ కన్నీళ్లు పెట్టుకొని "నిన్ను తినను, వదిలెయ్" అంటుంది. ఎండ్రకాయ తనను నీళ్ల అంచున దింపించుకొని, ఆ తర్వాత తామర కాడను కోసినట్టు మెడ కోసేస్తుంది. ఇది కొంగ కంటే పెద్ద మోసం అని మా గదిలో ఇద్దరు వాదించారు. నా లెక్కలో కాదు. అప్పటికి ఆ చెరువులో ఒక్క చేప కూడా మిగల్లేదు. వాటి తరఫున అడగడానికి ఇంకెవరున్నారు?

పంచతంత్రంలో చెరువులో ఇంకా కొందరు మిగులుతారు. ఎండ్రకాయ కొంగ మెడను ఈడ్చుకుంటూ వెనక్కి వస్తుంది. "ఎందుకు తిరిగొచ్చావు? మామ ఏడీ?" అని అందరూ అడుగుతారు. ఆ కథలో ఒకసారి పోయి వెనక్కి వచ్చింది అదొక్కటే.

మీ ఊళ్లో ఈ కథ ఇంకోలాగా చెప్తే, మీ భాషలోదైనా సరే, కాగితం మీద రాసి నాకివ్వండి. వచ్చే నెల పత్రికలో అతికిద్దాం.