మాట్లాడే మనిషి కావాలి

మా ఆస్పత్రిలో రక్తపోటు ఉన్నవారికి ఒకేసారి నెలకు సరిపడా మాత్రలిచ్చి పంపుతాం. అయినా ఒక పెద్దాయన ప్రతి మంగళవారం వచ్చేవారు. డెబ్బై దాటిన మనిషి, రిటైరైన బడిపంతులు. ఒక వారం గుండెదడ అనేవారు. మరో వారం నిద్ర పట్టడం లేదనేవారు. ఇంకో వారం అరికాళ్ళ మంటలు. ఇ.సి.జి. తీయించాను, షుగరు చూశాను, థైరాయిడ్ పరీక్ష కూడా చేయించాను. ఏమీ దొరకలేదు. బి-కాంప్లెక్స్ రాసి పంపించేదాన్ని. నిజం చెప్పాలంటే, ఆయన్ని చూస్తే నాకు కొంచెం విసుగు కూడా వచ్చేది.

ఒకరోజు మా ఫార్మసిస్టు అన్నాడు: "మేడమ్, గమనించారా? ఆయన అందరికంటే ముందే వస్తారు. తర్వాత వచ్చినవాళ్ళని ముందుకు పంపించి, తను చివర నిలబడతారు."

ఆవేళ ఆయన్ని కూర్చోబెట్టి అడిగాను. భార్య పోయి ఏడాదిన్నర. కొడుకు పుణేలో, కూతురు డల్లాస్‌లో. "పాలవాడు తలుపు కొడితే తప్ప రోజంతా నోరు విప్పే పని ఉండదు డాక్టరమ్మా! ఇక్కడైతే లైన్లో నలుగురూ పలకరిస్తారు" అన్నారు. ఆరు నెలల్లో నేను ఒక్కసారి కూడా ఆ ప్రశ్న అడగలేదు.

ఒక్కరే ఉండడం వేరు, ఒంటరితనం వేరు. ఒక్కరే ఉండి పుస్తకాలు, పూజ, పెరట్లో మొక్కలతో హాయిగా కాలక్షేపం చేసేవారు ఎందరో ఉన్నారు. పదిమంది ఉన్న ఇంట్లో పొద్దుటి నుంచి రాత్రి దాకా వంటచేస్తూ, "నువ్వు తిన్నావా?" అని అడిగే దిక్కులేని కోడళ్ళూ ఉన్నారు. హాస్టలు నిండా పిల్లలున్నా, దుప్పటి ముసుగులో ఏడ్చే ఇంటర్మీడియట్ కుర్రాళ్ళూ ఉన్నారు. మనసు కోరుకునే దగ్గరితనం ఎంత, దొరుకుతున్నది ఎంత అన్నదే అసలు లెక్క.

ఇదేదో తీరిక ఉన్నవారికి వచ్చే బాధ అనుకోకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025లో వెలువరించిన నివేదిక ప్రకారం ప్రతి ఆరుగురిలో ఒకరికి ఈ బాధ ఉంది. గుండెజబ్బు, పక్షవాతం, మధుమేహం, ముసలితనంలో మతిమరుపు వ్యాధి - ఇవి వచ్చే అవకాశం ఇలాంటివారిలో ఎక్కువ. అమెరికా పరిశోధకులు 2010లో 148 అధ్యయనాలను కలిపి చూశారు. వాటిలో ఉన్నది మూడు లక్షల మందికి పైమాటే. నలుగురితో గట్టి సంబంధాలున్నవారు ఆ పరిశీలన కాలంలో బతికి ఉండే అవకాశం, లేనివారికంటే 50 శాతం ఎక్కువని తేలింది.

మరి ఏం చేయాలి? ముందు ఒంటికి సంబంధించినవి చూపించుకోండి. వినికిడి తగ్గినవారు, చెప్పిందే చెప్పమంటే నవ్వుతారేమోనని పదిమందిలో కూర్చోవడం మానేస్తారు. తుమ్మితే, దగ్గితే మూత్రం పడిపోయే ఆడవాళ్ళు పెళ్ళిళ్ళకూ, బస్సు ప్రయాణాలకూ దూరమైపోతారు. ఎందుకో కన్నకూతురికి కూడా చెప్పరు. మోకాళ్ళ నొప్పులు, కంటిలో శుక్లాలు సరేసరి. ఇవన్నీ వైద్యం ఉన్న సంగతులే. నిద్ర రావడం లేదని మందుల షాపులో అడిగి నిద్రమాత్రలు మాత్రం మింగకండి. అవి అలవాటైపోతాయి. రాత్రి బాత్‌రూముకు లేచి, మత్తులో తూలిపడి, తుంటి ఎముక విరిగి వచ్చినవాళ్ళను చాలామందిని చూశాను.

"స్నేహితుల్ని చేసుకోండి" అని చెప్పడం తేలిక. అరవై ఏళ్ళకు కొత్త స్నేహితులు ఎక్కడి నుంచి వస్తారు? అందుకని పాతవారితో మొదలుపెట్టండి. మీతో చదువుకున్నవారు, పాత ఆఫీసువారు, మాటలు ఆగిపోయిన పిన్ని కూతురు. పదిమంది అక్కర్లేదు, ఒక్కరు చాలు. కానీ "వీలైనప్పుడు ఫోన్ చేస్తా" అంటే ఆ వీలు ఎప్పటికీ రాదు. ఆదివారం నాలుగు గంటలకని ఖాయం చేసుకోండి. మొదటిరోజే గుండెలో బరువంతా దించేయకండి, ఎదుటివారు బెదిరిపోతారు. చెప్పుకోవలసిన రోజున "నాకు సలహా వద్దు, కాసేపు విను" అని ముందే చెప్పండి. మగవారికి ఎదురెదురుగా కూర్చుంటే మాట పెగలదు. పక్కపక్కన నడుస్తుంటే అదే వస్తుంది.

ఇక వినేవారికి ఒక మాట. "మాకు మాత్రం లేవా కష్టాలు?" అనకండి. గుడికి వెళ్ళమనీ, టి.వి. చూడమనీ అప్పుడే చెప్పేయకండి. జింబాబ్వేలో డిక్సన్ చిబాండా అనే మానసిక వైద్యుడు 2006లో 14 మంది అవ్వలకు శిక్షణ ఇచ్చి, ఆస్పత్రి ఆవరణలో బెంచీల మీద కూర్చోబెట్టారు. వాళ్ళ పని, వచ్చినవారి గోడు విని, ఒక్కో సమస్యకు దారి వెతుక్కోవడంలో తోడుండడం. 573 మందితో చేసిన పరిశోధన ఫలితాలు 2016లో వెలువడ్డాయి. మామూలు వైద్యం పొందినవారికంటే, అవ్వల దగ్గర కూర్చున్నవారిలో ఆరు నెలల తర్వాత కుంగుబాటు బాగా తక్కువగా ఉంది. అక్కడి షోనా భాషలో ఆ బాధను 'కుఫుంగిసిసా' అంటారు. అంటే అతిగా ఆలోచించడం. "ఆలోచనలు ఎక్కువైపోయాయమ్మా" అని మా ఓ.పి.లో రోజూ వినే మాటే!

మా పంతులుగారిని, అదే లైన్లో నిలబడే ఒక రిటైరైన రైల్వే గార్డుగారికి ఫార్మసిస్టే పరిచయం చేశాడు. ఇద్దరూ సాయంత్రం నడకకు వెళ్తారు. మొదటి వారమే రాజకీయాల మీద పోట్లాడుకున్నారు. ఇప్పటికీ పోట్లాడుకుంటూనే ఉన్నారు. రక్తపోటు మాత్రలు ఆయన మానలేదు, మానకూడదు కూడా. నిద్ర మాత్రం పడుతోందట.

అందరికీ నడకతోనే కుదుటపడదు. రెండు వారాలకు మించి దిగులు వదలకపోయినా, తిండి మీదా పని మీదా ఆసక్తి పోయినా, రోజూ తాగితే తప్ప పొద్దు గడవకపోయినా వైద్యుడికి చూపించాలి. చచ్చిపోతే బాగుండుననిపిస్తే ఆ రోజే ఎవరికైనా చెప్పాలి. ఇంట్లోవారు అలాంటి మనిషిని ఒంటరిగా వదలకుండా ఆస్పత్రికి తీసుకురావాలి. ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలి మానస్ సేవకు 14416 నంబరుకు రాత్రీ పగలూ ఎప్పుడైనా ఫోన్ చేయవచ్చు. డబ్బు ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడవచ్చు. వృద్ధుల కోసం 14567 అని వేరే నంబరు ఉంది. ఈ రెండూ పెద్ద అక్షరాలతో కాగితం మీద రాసి, మీ ఇంట్లో పెద్దవారు పడుకునే మంచం దగ్గర గోడకు అంటించండి.